చీరల బ్రాండు పేరుకి సొగసైన ఇటాలిక్ సెరిఫ్ ఏది? తెలుగు పేరుని కూడా అలా వాల్చొచ్చా?

మీరడిగినవి రెండు. చేనేత చీరల బ్రాండు పేరుకీ, ఏడాదికోసారి వేసే చిన్న పత్రికకీ పనికొచ్చే ఉచిత ఇటాలిక్ ఫాంట్ ఏది అన్నది ఒకటి. పక్కనే ఉండే తెలుగు పేరుని కూడా వాల్చొచ్చా అన్నది రెండోది. మొదటిదానికి కార్మొరంట్ గారమాండ్ ఇటాలిక్ అంటాను. ఇది సెరిఫ్ ఫాంటే, అంటే గీతల చివర చిన్న కొసలుంటాయి. రెండోది మాత్రం వద్దండీ.

విజయవాడలో డీటీపీ పనితో మొదలుపెట్టిన నేను ఇప్పుడు ఎక్కువగా చీరల షాపులకీ బేకరీలకీ లోగోలు చేస్తుంటాను. కార్మొరంట్ ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. దీన్ని గీసింది క్రిస్టియన్ థాల్మన్. 16వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో అచ్చు అక్షరాలు చెక్కిన క్లాడ్ గారమాండ్ పని దీనికి ప్రేరణ. గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతుంది. లైసెన్స్ ఓపెన్ కాబట్టి లోగోకీ, ప్యాకింగ్‌కీ నిశ్చింతగా వాడుకోవచ్చు.

ఒకసారి మీ బ్రాండు పేరు నిటారు రూపంలో ఒక లైను, ఇటాలిక్‌లో ఒక లైను టైప్ చేసి, పెద్దది చేసి చూడండి. నిటారు రూపంలో ఇంగ్లీషు చిన్న 'ఏ' (a) అక్షరానికి నెత్తిన ఒక కొక్కెం ఉంటుంది. ఇటాలిక్‌లో ఆ కొక్కెం మాయమై, కలంతో ఒక్క ఊపులో తిప్పినట్టు అవుతుంది. 'ఎఫ్' తోక గీత కిందికి దిగుతుంది. అంటే ఇది పక్కకి తోసిన అక్షరం కాదు, చేతిరాత నుంచి వచ్చిన వేరే అక్షరం. వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ప్రచురణకర్త 1501లో మొత్తం పుస్తకాన్నే ఇటాలిక్‌లో అచ్చేశాడు. ఆయన కోసం ఫ్రాంచెస్కో గ్రిఫో ఆ అక్షరాలు చెక్కింది అప్పటి పండితుల రాతను చూసే. తమాషా ఏంటంటే అందులో పెద్దక్షరాలు నిటారుగానే ఉండేవి. ఆ చిట్కా నేను ఇప్పటికీ వాడతాను: లోగోలో మొదటి పెద్దక్షరం నిటారుగా, మిగతావి ఇటాలిక్‌లో. పేరు నిలబడ్డట్టూ ఉంటుంది, కదిలినట్టూ ఉంటుంది.

ఇక నేను తిన్న దెబ్బ. ఒక బొటిక్‌కి మెరూన్ రంగు విజిటింగ్ కార్డు చేశాను, గోల్డ్ ఫాయిలింగ్‌తో, అంటే సిరా బదులు బంగారు రంగు రేకు అద్ది. పేరు పెద్దగా, బ్రహ్మాండంగా వచ్చింది. ఆ ఊపులో అడ్రసు, ఈమెయిల్ కూడా అదే ఫాంట్ లైట్ (సన్న గీతల) ఇటాలిక్‌లో 7 పాయింట్లకి పెట్టేశాను. స్క్రీన్ మీద జూమ్ చేసి చూశాను కాబట్టి అంతా సన్నగా, అందంగా కనిపించింది. కార్డులు వచ్చాక చూస్తే ఇంగ్లీషు 'ఈ' (e) అక్షరాల్లోని అడ్డగీతకి ఫాయిల్ అంటలేదు. ఈమెయిల్‌లో ఉన్న రెండు 'ఈ'లూ 'సీ'(c)లైపోయాయి! 500 కార్డులు. బొటిక్ ఆవిడ ఏమీ అనలేదు కానీ, రెండోసారి ప్రింటు ఖర్చు నేనే పెట్టుకున్నాను. ప్రెస్ వాళ్లని అనడానికేం లేదు, తప్పు నాదే.

కార్మొరంట్ హెడ్డింగుల కోసం గీసిన ఫాంట్. గీతలు బాగా సన్నం, చిన్నక్షరాల ఎత్తూ తక్కువే. పత్రికలో హెడ్డింగులకీ, మధ్యలో పెద్దగా వేసే ఒకటి రెండు వాక్యాలకీ వాడండి. 18 పాయింట్ల లోపు లైట్ జోలికి నేనైతే పోను. లోపలి ఇంగ్లీషు మ్యాటర్‌కి ఈబీ గారమాండ్ పెట్టుకోండి. 1592 నాటి అచ్చు నమూనా కాగితం ఆధారంగా చేసిన ఫాంట్ అది, అదీ ఉచితమే, చిన్న సైజులో హాయిగా చదవొచ్చు.

తెలుగు సంగతికొద్దాం. మన అక్షరాలకి ఇంగ్లీషులోలా వేరే ఇటాలిక్ రూపం వాడుకలో లేదు. చాలా తెలుగు ఫాంట్లలో మీరు కంట్రోల్ ఐ కొడితే సాఫ్ట్‌వేర్ చేసేది అక్షరాన్ని పక్కకి తోయడమే. 'పద్మ' అని రాసి వాల్చి చూడండి. తలకట్లు కుడివైపుకి పోతాయి, కిందున్న మ వత్తు ఎడమకి, 'ప' వైపు జరుగుతుంది. గుండ్రటి అక్షరాలు నలిగిన గారెల్లా అవుతాయి. పెళ్లి ఫ్లెక్సీల మీద చూసి చూసి మన కళ్లు అలవాటుపడ్డాయి గానీ, ఖరీదైన చీర ట్యాగు మీద అది చవగ్గా కనిపిస్తుంది.

నేనైతే తెలుగు పేరుని నిటారుగానే ఉంచి, గీతల్లో పోలిక వెతుకుతాను. కార్మొరంట్ పక్కన టైరో తెలుగు అనే ఫాంట్ బాగా కుదురుతుంది, ఎందుకంటే దాని గీతల్లోనూ సన్నం-లావు తేడా ఉంది. బోల్డ్ లేకపోవడం ఒక్కటే లోటు. సైజు మాత్రం రెండింటికీ ఒకటే పెట్టకండి, తెలుగు ఇంగ్లీషుని మింగేస్తుంది. ఇంగ్లీషు 40 పాయింట్లుంటే తెలుగు 30 దగ్గర మొదలుపెట్టి కంటితో సర్దుతాను. పత్రిక లోపలి తెలుగు మ్యాటర్‌కి మండలి ఫాంట్ చాలు. ఏదైనా మాట విడిగా కనబడాలంటే రంగు మార్చండి.

ప్రెస్‌కి పంపే ముందు ఫాంట్లు కర్వ్స్ చేయడం, అంటే అక్షరాలని గీతల బొమ్మలుగా మార్చడం, మీకు తెలిసే ఉంటుంది. దాంతోపాటు ట్యాగునీ కార్డునీ అసలు సైజులోనే ప్రింట్ తీసి, కళ్లజోడున్న ఇంట్లో పెద్దవాళ్ల చేత ఈమెయిల్ అక్షరం అక్షరం చదివించండి.