మాట కన్నా ముందు సైగ

చి.సౌ. అమ్మడికి,

బరంపురం నుంచి మీ మేనత్త ఆశీస్సులు.

బుజ్జిగాడికి ఆటిజం అని డాక్టరు రాసిచ్చిన కాగితం ఫొటో మీ నాన్న పంపాడు. చూశాను. మూడేళ్ళు నిండిపోయాయి, ఆలస్యం చేసేశామని కుమిలిపోతున్నావట. మూడేళ్ళంటే ఆలస్యం కాదే. మగపిల్లలకి మాట లేటు అని మీ అత్తగారు అంటే నమ్మావు, ఎవరైనా నమ్ముతారు. ఇకమీదట నమ్మకపోతే చాలు. ఈ నెలలో చేయాల్సినవి రాస్తున్నాను. కొన్నిచోట్ల సాగదీస్తాను, అందరూ కాలు జారేది అక్కడే కనుక.

ఆ కాగితంలో చెవి పరీక్ష ఊసు లేదు. పేరు పెట్టి పిలిస్తే పలకని పిల్లాడికి ముందు చెవులు చూడాలి. టీవీలో ప్రకటన రాగానే పరిగెత్తుకొస్తున్నాడు కదా, వినికిడికేం లోటు అనుకోకు. కొన్ని శబ్దాలు వినబడి కొన్ని వినబడని పిల్లలుంటారు. బేరా అనే పరీక్ష అడుగు. పిల్లాడు నిద్రలో ఉండగా నుదుటిమీదా చెవుల వెనకా చిన్న బిళ్ళలు అంటించి చేస్తారు. ముందురాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి, పొద్దున్నే లేపి తీసుకెళ్ళు. బస్సులో కునుకు తీశాడా, అక్కడికెళ్ళాక కళ్ళు తెరుచుకుని కూర్చుంటాడు, ఆ రోజు వృథా. జిల్లా పెద్దాసుపత్రిలో డీఈఐసీ అని పిల్లల ఎదుగుదల లోపాలు చూసే విభాగం ఉంటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ళ లోపు వాళ్ళని అక్కడ ఉచితంగా చూస్తారు. స్పీచ్ థెరపిస్టు ఏ రోజు ఉంటారో ఫోన్ చేసి కనుక్కునే వెళ్ళు.

ఇక అసలు సంగతి. వారానికి రెండుసార్లు అరగంట థెరపీ అంటే మొత్తం గంట. మిగిలిన గంటలన్నీ వాడు నీ దగ్గరే ఉంటాడు. అందుకని థెరపిస్టు దగ్గర నువ్వు అడగాల్సింది "వీడికి మాట ఎప్పుడొస్తుంది" అని కాదు, "ఈ వారం ఇంట్లో నేనేం చేయాలి" అని. లోపలికి తల్లిని రానివ్వకుండా తలుపేసుకుని చేసే చోటు అయితే, ఎంత పేరున్నదైనా మానెయ్యి.

మాట సంగతి పక్కన పెట్టు. ముందు వాడికి అడగడం రావాలి. ఎదుటి మనిషికి ఏదో తెలియజేస్తే పని జరుగుతుందన్న ఎరుక కలిగాకే మాటకి ఒక అవసరం పుడుతుంది. మూత బిగుతుగా ఉండి, లోపలున్నది బయటికి కనిపించే ప్లాస్టిక్ డబ్బా ఒకటి తీసుకో. వాడికి బాగా ఇష్టమైనది, మరమరాలో మెత్తటి బెల్లం పలుకులో, కొంచెం వెయ్యి. కొబ్బరి ముక్కలు, పల్లీలు వద్దు, గొంతులో అడ్డం పడతాయి. వాడికి ఎదురుగా నేలమీద కూర్చుని డబ్బా నీ మొహం పక్కన పట్టుకో. ఏమీ అనకు. మనసులో పది లెక్కపెట్టు. వాడు నీ చెయ్యి పట్టుకుని మూత మీద పెట్టినా, చెయ్యి చాచినా, "ఊ" అన్నా, ఒక్కసారి నీ కళ్ళలోకి చూసినా, వెంటనే మూత తీసి "ఇయ్యి" అని ఒకే మాట అంటూ ఒక్క పలుకు పెట్టు. వెంటనే అంటే వెంటనే. అయిదు సెకన్లు ఆలస్యమైతే దేనికి దొరికిందో వాడికి ముడిపడదు. గుప్పెడు పెట్టేస్తే అడగడం ఒక్కసారితో సరి, ఒక్కో పలుకు పెడితే పదిసార్లు అడుగుతాడు. ఇలా రోజుకి మూడు నాలుగు సార్లు, అయిదేసి నిమిషాలు, కడుపు నిండక ముందు.

ఇది చెడేది ఎక్కడో చెప్తాను. మొదటిది, "ఏం కావాలి నాన్నా, చెప్పు, చెప్పు, అమ్మా అను" అంటూ మాటల వర్షం కురిపించడం. అన్ని మాటల్లో వాడికి కావాల్సిన ఆ ఒక్క మాట కొట్టుకుపోతుంది. రెండోది, పూర్తిగా పలికితేగాని ఇవ్వననడం. వాడు ఏడుస్తాడు, నీకు మనసాగక ఇచ్చేస్తావు, ఏడిస్తే దొరుకుతుందని నేర్చుకుంటాడు. మూడోది మీ అత్తగారు. మనవడు నోరు తెరవకముందే అన్నీ అమర్చేస్తారు. ఆవిణ్ణి తప్పుపట్టకు, ఆవిడకి ఒక పని అప్పజెప్పు. ఆ పనేదో ఇప్పుడు చెప్తాను.

రెండు మూడు వారాలయ్యాక ఫొటో కార్డులు మొదలుపెట్టు. ఇంటర్నెట్టులో దొరికే బొమ్మలు కాదు, మీ ఇంట్లో వాడు తాగే స్టీలు గ్లాసు, వాడి బంతి, వాడి మరమరాల డబ్బా ఫోన్‌తో ఫొటో తియ్యి. అరచేతిలో పట్టేలా రెండంగుళాల చదరం ముక్కలుగా జిరాక్సు షాపులో వేయించి లామినేషన్ చేయించు. ఒకే ఒక్క కార్డుతో మొదలు. డబ్బా పట్టుకుని నువ్వు ఎదురుగా, వాడి వెనక మీ అత్తగారు. వాడు డబ్బా కోసం చెయ్యి చాచగానే ఆవిడ వెనకనుంచి ఆ చేతిని కార్డు మీదికి, కార్డుని నీ అరచేతిలోకి నడిపించాలి. నోరు మెదపకూడదు. ఆవిడకి కష్టమైన భాగం అదే. కార్డు నీ చేతిలో పడగానే "మరమరాలు" అని ఇచ్చెయ్యి. రోజులు గడిచేకొద్దీ ఆవిడ చెయ్యి మోచేతి దాకా, తర్వాత భుజం దాకా వెనక్కి తగ్గిపోవాలి. కార్డులకి అలవాటుపడితే మాట రాదని ఎవరో ఒకరు చెప్పకమానరు. పట్టించుకోకు. కార్డులు మాటకి అడ్డుపడవని పరిశోధనల్లో తేలింది.

మన పర్లాకిమిడి ఇళ్ళలో ఇంకో గొడవ ఉంది, భాష. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఫోన్‌లో ఇంగ్లీషు పాటలు, అందుకే పిల్లాడు గందరగోళపడ్డాడని, ఒక్క ఒడియాయే మాట్లాడమని సలహా ఇచ్చేవాళ్ళుంటారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం రాదు, ముదరదు. నీకు జోలపాట ఏ భాషలో వస్తుందో ఆ భాషలోనే మాట్లాడు. రాని భాషలో తల్లి పొడిపొడిగా మాట్లాడితే వాడికి ఉన్న ఆ కాస్త వాగ్ధారా ఎండిపోతుంది. ఒక్క జాగ్రత్త తీసుకో: మొదటి పది మాటలకి ఇంట్లో అందరూ ఒకే పదం వాడాలి. నువ్వు నీళ్ళు, మీ ఆయన వాటర్, పనమ్మాయి పాణి అంటే ఒక వస్తువుకి మూడు చప్పుళ్ళయ్యాయి. థెరపిస్టు ఒడియా వాళ్ళయితే కార్డు కింద తెలుగులో "నీళ్ళు" అనీ, ఒడియా లిపిలో "పాణి" అనీ రాసిపెట్టు. బొమ్మకి భాష లేదు, అక్కడా ఇక్కడా అదే పనిచేస్తుంది.

ఫోన్ వల్ల ఆటిజం రాలేదు, ఆ నింద నెత్తిన వేసుకోకు. కాని అన్నం పెట్టేటప్పుడు ఫోన్ మాత్రం ఆపాలి, ఎందుకంటే వాడు నిన్ను అడగడానికి రోజులో దొరికే మంచి అవకాశం అదే. ఒక్కసారిగా లాగేస్తే ఇల్లు పీకి పందిరేస్తాడు, మొదట ఒక పూట ఆపు.

పెంకితనం ఎక్కువైన రోజు, తల కొట్టుకున్న రోజు, ముందు ఒళ్ళు చూడు. చెవిపోటు, పుచ్చుపన్ను, ముఖ్యంగా మలబద్ధకం. నొప్పి అని చెప్పలేని పిల్లాడు నొప్పిని అలాగే చూపిస్తాడు. మట్టి, సున్నం తింటుంటే రక్తంలో ఐరన్ పరీక్ష చేయించు. ఒంట్లో ఏమీ లేదని తేలితే నోటు పుస్తకంలో మూడు గళ్ళు గీసి రెండు వారాలు రాయి: ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, ఆ తర్వాత మీరేం చేశారు. సాయంత్రం కుక్కరు కూత వేసినప్పుడల్లా అని తేలొచ్చు. అప్పుడు కూతకి ముందే వాణ్ణి పెరట్లోకి తీసుకెళ్తే సరిపోతుంది. రథయాత్రకీ, ఇక్కడి ఠాకురాణి జాతరకీ వాణ్ణి తీసుకెళ్ళొద్దని అనను. డప్పులు మొదలవకముందు వెళ్ళండి, చెవులు మూసే మఫ్‌లు హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి, వారం ముందునుంచి ఇంట్లో రెండేసి నిమిషాలు పెట్టి అలవాటు చెయ్యి. పావుగంట ఉండి, వాడు బాగున్నప్పుడే తిరిగొచ్చెయ్యండి.

వీధి తలుపుకి వాడి చెయ్యి అందనంత ఎత్తున ఇంకో గడియ పెట్టించు, ఈ వారమే. ఈ పిల్లలు చడీచప్పుడు లేకుండా బయటికి వెళ్ళిపోతారు, చాలామందికి నీళ్ళంటే తగని ఆకర్షణ. వాడు కనిపించకపోతే మొదట వెతకాల్సింది బంధువుల ఇళ్ళు కాదు, బావి, చెరువు, మహేంద్రతనయ నది ఒడ్డు. చొక్కా లోపలివైపు ఫోన్ నంబరు కుట్టించు.

కాగితాల పని విసుగే, కాని అది థెరపీతో పాటే నడవాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ కార్డుకి, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డుకి, దరఖాస్తు చెయ్యి. ఆధార్, ఫొటో, చిరునామా రుజువు, వైద్యం కాగితాలు కావాలి. ఆధార్‌లో పేరు స్పెల్లింగూ జనన ధ్రువపత్రంలో స్పెల్లింగూ కలవకపోతే అక్కడే ఆగిపోతుంది. తెలుగు ఇంటిపేరుని ఒడియా గుమాస్తా ఎలా రాశాడో ముందే చూసుకో. నాలుగడుగులు వేస్తే ఆంధ్రాలో పాతపట్నం కదా, అటు వైకల్య సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపులో చేయించేద్దామని మీ ఆయన అంటాడు. వద్దు. పింఛను, స్కాలర్‌షిప్పు ఇచ్చేది మీరుంటున్న రాష్ట్రం, కాబట్టి ఒడిశాలోనే చేయించు. దివ్యాంగుల కోసం ఒడిశా ప్రభుత్వం భీమ భోయి శిబిరాలు పెట్టినప్పుడు సర్టిఫికెట్ పని ఒకేచోట అవుతుంది. ఒడిశా ఇచ్చే మధుబాబు పింఛను షరతులు బ్లాకు ఆఫీసులో అడుగు.

సర్టిఫికెట్ కోసం ఆటిజం ఎంత ఉందో చూసే ఇసా అనే కొలత వాడతారు. 40 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 5 మార్కులు. మొత్తం 70కి చేరితే ఆటిజం, 106 వరకు స్వల్పం, 153 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం. సౌకర్యాలకి 40 శాతం వైకల్యం ఉండాలి. అక్కడ చాలామంది తల్లులు పరువుకి పోయి "అన్నీ అర్థమవుతాయండీ, అన్నీ చేస్తాడండీ" అనేస్తారు. వాడి మంచిరోజు గురించి కాదు, మామూలు రోజు గురించి చెప్పు. పిలిస్తే పలకకపోవడం, తిప్పిందే తిప్పుతూ కూర్చోవడం, కోపం వచ్చినప్పుడు, ఇలా మూడు చిన్న వీడియోలు ఫోన్‌లో పెట్టుకెళ్ళు, కొత్తచోట పిల్లాడు బిగుసుకుపోయి ఏమీ చూపించకపోవచ్చు. సర్టిఫికెట్ చేతికొచ్చాక నేషనల్ ట్రస్టు వారి నిరామయ ఆరోగ్య బీమాలో చేర్పించు. ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చుకి కూడా పరిమితి మేరకు వర్తిస్తుంది. ఏటా మార్చిలోపు రెన్యువల్ మర్చిపోకు. బిల్లులన్నీ తారీఖు వరసన ఒక ఫైల్లో పెట్టు. మీ ఆయన పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కడుతుంటే 75,000, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 మినహాయింపు ఉంది.

బడి గురించి ఇప్పుడే తల పగలగొట్టుకోకు, అంగన్‌వాడీకి రోజూ గంటసేపు పంపు. ఆరేళ్ళ నుంచి 18 ఏళ్ళ దాకా ఉచిత చదువు వాడి హక్కు. బడివాళ్ళు "చేర్చుకోం" అని నోటిమాటగా అంటే "రాసివ్వండి" అను. చాలామంది అక్కడే మెత్తబడతారు.

మూలకణాల ఇంజెక్షన్లు, ఆక్సిజన్ గదులు, ఒంట్లోంచి లోహాలు తీసేసే మందులు, ఆరు నెలల్లో నయం అని ముందుగా లక్షలు కట్టించుకునేవాళ్ళు కాచుక్కూచుని ఉంటారు. ఆటిజానికి మూలకణాల చికిత్స వద్దని దేశంలో వైద్య పరిశోధనలు చూసే ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆరే చెప్పింది. మందులు నిద్రకో, ఫిట్సుకో, మరీ తీవ్రమైన కోపానికో ఇస్తారు, ఆటిజాన్ని తీసేసే మందు లేదు. మజ్జిగౌరమ్మకి మొక్కుకుంటానంటే మొక్కుకో, దానికి ఎవరి ప్రాణం మీదికీ రాదు. పొలం అమ్మి ఇంజెక్షన్లు మాత్రం వద్దు.

నీ సంగతి. డీఈఐసీ బయట బల్లమీద కూర్చునే తల్లుల్లో ఇద్దరి నంబర్లు తీసుకో. పెద్ద గ్రూపులు వద్దు, రోజూ ఎవరో ఒకరు భయపెడతారు. మూడిళ్ళు చాలు. వారానికి ఒక మధ్యాహ్నం ఒకరి పిల్లల్ని ఇంకొకరు రెండు గంటలు చూసుకునే ఒప్పందం పెట్టుకోండి. మొదటి రెండుసార్లు తల్లి కూడా అక్కడే ఉండాలి, లేకపోతే పిల్లాడు బెదిరి ఒప్పందం మొదట్లోనే చెడుతుంది. ఆ రెండు గంటలు గిన్నెలు తోముకోకు, పడుకో. ఏ పనీ చేయబుద్ధి కాకుండా వారాలు గడుస్తున్నా, చచ్చిపోవాలనిపించినా, మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యి. పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులో మాట్లాడేవాళ్ళుంటారు. మీ ఆయనకి కూడా ఒక పూర్తి బాధ్యత ఇవ్వు, "సాయం చెయ్యి" అని కాదు: రాత్రి స్నానం, పక్క, నిద్ర అతనివి. పెద్దదానికి రోజూ పది నిమిషాలు, తమ్ముడు లేకుండా, నీతో ఒక్కదానికే.

బుజ్జిగాడి స్టీలు గ్లాసు ఫొటో తీసేటప్పుడు వెనక తెల్ల దుప్పటి పరుచు, గచ్చుమీద పెట్టి తీస్తే గచ్చు మీది ముగ్గునే చూస్తూ కూర్చుంటాడు. కార్డులు రెండేసి కాపీలు వేయించు, మొదటివి వాడు నమిలేస్తాడు.

ఇట్లు,
మీ మేనత్త