రాత్రి రెండింటికి మోగే ఫోన్

బిడ్డా,

మడికొండ ఐటీ పార్కులో మీ టీమ్‌లో ఆన్‌కాల్‌కు, అంటే ఏ వేళ సిస్టమ్ చెడినా ఫోన్ ఎత్తి చూసే డ్యూటీకి, లీడ్ అయ్యావని, సమస్యలు రాసిపెట్టే పాత టికెట్ల పద్ధతి మార్చే పని నీకే అప్పగించారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. ఏ టూల్ కొంటే బాగుంటుందని అడిగావు. అది తర్వాత చూద్దాం. ముందు, సిస్టమ్‌లో ఏదో తేడా ఉందని పోయిన నెల ఫోన్లకు వచ్చిన అలర్ట్‌లన్నీ ఒక షీట్‌లోకి దించు. అది వచ్చినప్పుడు ఎవరైనా ఏమైనా చేశారా అని ఒక్కోదాని పక్కన రాయి. ‘చూసి వదిలేశాం’ అన్న అలర్ట్‌కు రాత్రి ఫోన్ మోగకూడదు. సర్వర్ సీపీయూ వాడకం 90 శాతం దాటిందని మనిషిని లేపడమెందుకు? కస్టమర్ల పేమెంట్లు ఆగితే లేపాలి. ఉత్తుత్తి అలర్ట్‌లకు అలవాటు పడ్డ చెవికి అసలుది వినపడదు. విసుగు పుట్టించే పనే, అయినా వేరేవాళ్లకు ఇవ్వకు, నువ్వే కూర్చో.

నేను పనిచేసిన చోట ఒక రాత్రి డేటాబేస్ సర్వర్ డిస్క్ నిండిపోయింది. అందరూ ఒకే ఫోన్ లైన్‌లో కలిసే బ్రిడ్జి కాల్‌లో ముప్పై మందిమి. ఒకరు సర్వర్ తనంతట రాసుకునే లాగ్‌లు కాపీ చేస్తుండగానే ఇంకో అబ్బాయి ఎవరికీ చెప్పకుండా సర్వీస్ రీస్టార్ట్ చేశాడు. మధ్యమధ్యలో మేనేజర్లు ‘స్టేటస్ ఏంటి?’ అని అడుగుడే అడుగుడు. అందరూ పెద్దలే, ఇది చెయ్యి, అది ఆపు అని చెప్పేవాళ్లే లేరు. అరగంట పని తెల్లారేదాకా సాగింది.

1970లో కాలిఫోర్నియా అడవులు తగలబడ్డప్పుడు కూడా మంటలార్పే శాఖలు చాలానే వచ్చాయి, ఒకరి మాట ఒకరికి అందలేదు. ఆ దెబ్బతోనే ఒక్క కమాండర్ ఉండే పద్ధతి తెచ్చుకున్నారు. సిస్టమ్ పడిపోయినప్పుడు అందరినీ నడిపించే మన ఇన్సిడెంట్ కమాండర్ పద్ధతి అక్కడినుంచి వచ్చిందే. ఆ కుర్చీలో ఉన్నప్పుడు నువ్వు కీబోర్డు ముట్టుకోకు. సరిచేసేవాళ్లు వేరే, టైముతో సహా జరిగింది రాసేవాళ్లు వేరే. మేనేజర్లకు అరగంటకోసారి చెప్పడానికి ఇంకొకరిని పెట్టు.

మరునాడు మీటింగ్‌లో ఆ రీస్టార్ట్ చేసిన అబ్బాయిని అందరి ముందూ నిలబెట్టి అడిగారు. తల వంచుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ నిలబడ్డాడు. నేను అక్కడే ఉండి ఒక్క మాట అనలేదు, అది ఇప్పటికీ బాధే. ఆ తర్వాత అతను కాల్‌లో నోరు విప్పడమే మానేశాడు. అతనికి తెలిసిన విషయాలు మాకు అందకుండా పోయాయి.

2017 జనవరి 31న, ప్రోగ్రామర్లు కోడ్ పెట్టుకునే గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజనీర్ పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేశాడు. బ్యాకప్‌లు చూస్తే చాలావరకు పనిచెయ్యడం లేదు. దాదాపు ఆరు గంటల డేటా పోయింది. వాళ్లు ఏదీ దాచకుండా రాసిపెట్టారు. బ్యాకప్‌లు ఆగిపోయిన సంగతి అన్నాళ్లు ఎందుకు తెలియలేదో తవ్వారు. నీ మీటింగ్‌లలో అట్లా తవ్వు బిడ్డా, పేర్లు అడగకు.

ముఖ్యమైన ఫోన్ నంబర్లు, ఏది చెడితే ఏం చెయ్యాలో రాసిన రన్‌బుక్ ప్రింట్ తీసి పెట్టుకో. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ ఆరు గంటలు ఆగినప్పుడు వాళ్ల సొంత టూల్స్ కూడా పడిపోయాయి.

ఈ వారం నీ ఆన్‌కాల్ అట కదా. అది అయ్యాక శనివారం కడుపునిండా నిద్రపో. ఆదివారం ఆ షీట్ పట్టుకుని హనుమకొండ రా, ఇద్దరం కలిసి ఒక్కో అలర్ట్ చూద్దాం.

మీ పెద్దబాపు