పగలు నీలం, రాత్రి ఊదా: అది అలెగ్జాండ్రైటేనా?

అలెగ్జాండ్రైట్ (వెలుగును బట్టి రంగు మారే అరుదైన రత్నం) అనుకుని మీరు అడ్వాన్సిచ్చిన ఉంగరంలో రాయి పగలు బూడిద నీలంగా, రాత్రి బల్బు కింద ఊదాగా ఉందన్నారు కదండీ, అది ఫ్యాక్టరీలో వెనేడియం అనే లోహం కలిపి చేసిన సింథటిక్ సఫైర్ (కృత్రిమ నీలమణి) అని నా గట్టి అనుమానం. అసలు అలెగ్జాండ్రైట్ పగటి వెలుగులో ఆకుపచ్చగా, కొవ్వొత్తి దగ్గర ఎర్రగా కనిపిస్తుంది. ఎల్‌ఈడీ లైటు కింద చూసి తేల్చేయకండి. అలెగ్జాండ్రైట్ ఏర్పడాలంటే బెరీలియం, క్రోమియం అనే మూలకాలు రెండూ కావాలి, అవి మామూలుగా వేర్వేరు రకాల రాళ్లలో ఉంటాయి, ఒకేచోట కలవడమే అరుదు, అందుకే 1830లలో రష్యా ఉరల్ పర్వతాల్లో బయటపడిన ఈ రాయికి అంత ధర. పది రెట్ల భూతద్దంతో కిటికీ దగ్గర చూడండి, లోపల గ్రామఫోన్ రికార్డు మీద గీతల్లా వంపు తిరిగిన సన్నని చారలుంటే మనిషి చేసిందే. చారలు కనపడకపోయినా సరే, ల్యాబ్ రిపోర్టు చేతికొచ్చేదాకా మిగతా డబ్బు మాత్రం కట్టకండి.