బేస్‌బాల్‌లో ఫ్రీ ఏజెంట్లతో భారీ ఒప్పందాలు గిట్టుబాటవుతాయా?

అది ఆటగాడి పేరు కంటే అతని వయసుపైనే ఎక్కువగా ఆధారపడి ఉంటుంది. అమెరికా మేజర్ లీగ్‌లో ఆరేళ్ల సర్వీసు పూర్తయితే తప్ప ఫ్రీ ఏజెంట్ (నచ్చిన జట్టుతో ఒప్పందం చేసుకోగల ఆటగాడు) అయ్యే అవకాశం సాధారణంగా రాదు కాబట్టి, చాలామంది ముప్పైకి దగ్గరపడ్డాకే బేరానికి వస్తారు. 2011 డిసెంబరులో ఏంజెల్స్ జట్టు, అప్పటికే మూడుసార్లు ఎంవీపీ (లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు) అయిన 31 ఏళ్ల ఆల్బర్ట్ పుహోల్స్‌కు పదేళ్లకు 24 కోట్ల డాలర్లు రాసిచ్చింది. ఆ పదేళ్లలో జట్టు 2014లో ఒక్కసారే ప్లేఆఫ్స్‌కు చేరి, ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా వెనుదిరిగింది. ఒప్పందం ఆఖరి ఏడాది, 2021 మేలో, అతన్ని వదులుకుంది.

అయితే 2015లో నేషనల్స్ జట్టు ఏడేళ్లకు 21 కోట్లిచ్చి తీసుకున్న పిచర్ (బంతి విసిరే ఆటగాడు) మ్యాక్స్ షెర్జర్ అక్కడ ఉత్తమ పిచర్‌కు ఇచ్చే సై యంగ్ అవార్డులు రెండు, లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్‌ను 2019లో గెలిచాడు. పైగా అందులో సగం సొమ్ము 2022 నుంచి 2028 వరకు చెల్లించేలా వాయిదా వేశారు.

నా దృష్టిలో ట్రేడ్‌తో, అంటే జట్ల మధ్య ఆటగాళ్ల మార్పిడితో మొదలుపెట్టడమే మెరుగు. 2020 ఫిబ్రవరిలో మూకీ బెట్స్‌ను ట్రేడ్ ద్వారా తెచ్చుకున్న డాడ్జర్స్, జూలైలో 12 ఏళ్లకు 36.5 కోట్లతో అతని ఒప్పందాన్ని పొడిగించి, ఆ ఏడాదే వరల్డ్ సిరీస్ గెలిచింది. కాకపోతే ట్రేడ్‌లో డబ్బుకు బదులు యువ ఆటగాళ్లను ఇచ్చుకోవాలి.