అబద్ధం చెప్పి రిహార్సల్స్‌కి వెళ్లాను

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. పెళ్లికి ముందు పరిషత్తు (నాటక పోటీల) నాటకాల్లో వేషాలు వేసేదాన్ని. పాప పుట్టాక మానేసి, ఎడిటింగ్ నేర్చుకున్నాను. ఇంట్లోనే పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్నాను. రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నా, అత్తయ్య మాత్రం "ఇంట్లోనేగా ఉండేది" అంటారు. మా పాత దర్శకుడు ఉగాది పోటీలకు నాటికలో మంచి వేషం ఇచ్చారు. ఇంట్లో ఒప్పుకోరని, స్టూడియోలో కరెక్షన్లు ఉన్నాయని చెప్పి మూడు వారాలు రిహార్సల్స్‌కి వెళ్లాను. ఆరేళ్ల పాప నోరు జారింది. అప్పట్నుంచి మావారు నాతో మాట్లాడటం లేదు. నాటకం మానేయనా?
- ఓ సోదరి, గుంటూరు

జవాబు: ఆయన నాటకం వద్దన్నారని మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఒప్పుకోరని మీరే అనుకున్నారు, అడగలేదు. ఆయన కోపం నాటకం మీద కన్నా అబద్ధం మీదేనని నాకనిపిస్తోంది. మోసం చేయడాన్ని మనవాళ్లు 'నాటకాలాడటం' అంటారు. స్టేజీ మీద ప్రాణం పెట్టే మీకు ఆ మాట కష్టంగానే ఉంటుంది. కానీ ఈ మూడు వారాలు ఇంట్లో మీరు ఆడింది ఆ రకం నాటకమే. క్షమించమని అడగండి. "మీరు ఒప్పుకోరనే కదా" అని దానికి తోక తగిలించకండి.

తర్వాత వివరాలు చెప్పండి. నాటిక గంటసేపే అయినా దాని వెనక ఎన్ని సాయంత్రాల రిహార్సల్స్ ఉంటాయో బయటివాళ్లకు తెలియదు. పోటీలు రాత్రిపూట. మీ వంతు పదకొండింటికి వస్తే ఇల్లు చేరేసరికి తెల్లారుతుంది. ఎవరితో వెళ్తారు, ఏ బండిలో, పారితోషికం ఎంత, అన్నీ ఆయనకు తెలియాలి. ఎన్ని ఊళ్లన్నది దర్శకుడితో ఇప్పుడే తేల్చుకోండి. నాటికకు మంచి పేరొస్తే ఒక పరిషత్తు తర్వాత మరో పరిషత్తుకి తిప్పుతారు. మధ్యలో మీరు రానంటే జట్టంతా ఇబ్బంది పడుతుంది.

మీరు రాయని చిక్కు ఇంకొకటుంది. మాఘ, ఫాల్గుణాల పెళ్లిళ్ల ఫుటేజీ అంతా సరిగ్గా ఉగాది ముందే మీ మీద పడుతుంది. రిహార్సల్స్ కూడా అప్పుడే. రెండూ లాగితే ముందు పోయేది మీ నిద్ర, తర్వాత ఇంట్లో మీ నోటి మంచితనం. ఈసారి పెళ్లిళ్లు తగ్గించుకోండి, లేదా డెలివరీ ఉగాది తర్వాతేనని ముందే చెప్పండి. ఆదాయం ఎంత తగ్గుతుందో మీవారికి కూడా చెప్పాలి సుమా, లేకపోతే అది ఇంకో అబద్ధమవుతుంది. వచ్చే ఏడాది ఆషాఢంలోనో, మూఢం రోజుల్లోనో చేసే నాటకం ఏదైనా ఉంటే దాన్ని ఎంచుకోండి.

"సంసారులకు నాటకాలేంటి" అని అత్తయ్య అంటే సురభి నాటక సమాజం పేరెత్తాలనిపిస్తుంది. 1885 నుంచి కుటుంబాలకు కుటుంబాలే రంగస్థలం మీద బతికాయి. నిజమే, కానీ అనకండి. అక్కడ ఇంటిల్లిపాదికీ అదే పని, మీ ఇంట్లో మీరొక్కరే. వాదనలో మీరే గెలుస్తారు, రిహార్సల్ ఉన్న సాయంత్రం పాపకు అన్నం పెట్టాల్సింది మాత్రం ఆవిడే. ఆవిణ్ణి సాయం అడగండి. మీ ఎడిటింగ్ డబ్బులతో ఇంట్లో ఏ ఖర్చు నడుస్తోందో కూడా ఓసారి మాటల్లో తెలియనివ్వండి.

పాప సంగతి ఈరోజే చూడండి. అమ్మానాన్నలు మాట్లాడుకోకపోవడం తన వల్లేనని అది అనుకుంటూ ఉండొచ్చు. దగ్గర కూర్చోబెట్టుకుని, "నువ్వు నిజమే చెప్పావు, తప్పు అమ్మది" అనండి. ఆ మాట ఆయన వినేలా అన్నా ఫర్వాలేదు.