ఆ కంట్రోలర్‌లో మోటార్లే లేవేమో తమ్ముడూ

విజయనగరం గంటస్తంభం దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్న సోనీ ప్లేస్టేషన్ 3 (పీఎస్3) గేమ్ కంట్రోలర్ వైబ్రేట్ అవ్వట్లేదు, మోటార్లు మార్పించాలా అని అడిగావు. ఆగు, స్క్రూడ్రైవర్ పక్కన పెట్టు. కేబుల్ గుచ్చే వైపు ఏం రాసుందో చూడు. ఒక్క 'సిక్సాక్సిస్' అనే ఉంటే, అందులో మోటార్లు మొదటి నుంచీ లేవు. చేతిలో బొమ్మలా తేలిగ్గా ఉంటుంది కూడా.

వైబ్రేషన్ పేటెంట్ల మీద ఇమ్మర్షన్ అనే అమెరికా కంపెనీ 2002లో సోనీపై కేసు వేసింది. 2004లో జ్యూరీ 8.2 కోట్ల డాలర్లు కట్టమంది. 2006లో పీఎస్3 వచ్చినప్పుడు, మోషన్ సెన్సర్‌కి అడ్డొస్తుందనే వైబ్రేషన్ పెట్టలేదని సోనీ చెప్పుకుంది. నాకైతే నమ్మబుద్ధి కాలేదు. 2007 మార్చిలో రాజీ, ఆ ఏడాది చివర్లోనే వైబ్రేషన్‌తో డ్యూయల్‌షాక్ 3 అనే కొత్త కంట్రోలర్!

నీక్కావాల్సింది అదే. పైసలు కలిపి మార్చి ఇస్తాడేమో షాపాయన్ని అడుగు.