సర్వర్ సంగతి తర్వాత, ముందు మీ పేరు ఎవరి చేతిలో ఉందో చూసుకోండి

మాస్టొడాన్‌లో చేరుదామనుకుంటున్నాను, ఏ సర్వర్ మంచిది అని అడిగారు. ట్విట్టర్‌లాంటిదే గానీ, ఎవరికి వారు నడుపుకునే ఎన్నో సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే సోషల్ నెట్‌వర్క్ అది. మూడేళ్లు ఒకే సర్వర్‌ని నమ్ముకుని, అది మూతపడ్డాక దిక్కుతోచక తిరిగాను కాబట్టి చెబుతున్నాను.

అక్కడ మన పేరు ఈమెయిల్ చిరునామాలాగే రెండు ముక్కలు. మొదటిది మనం పెట్టుకున్నది, రెండోది సర్వర్‌ది. ఆ రెండో ముక్క మనది కాదు. మా సర్వర్‌ని ఒక్క మనిషి చేతి డబ్బుతో నడిపేవాడు. ఒకరోజు పొద్దున్నే యాప్ తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉంది. వారం చూశాను. ఇక రాలేదు. వేరే సర్వర్‌కి మారే సదుపాయం ఉందిగా అంటారు. ఉంది. కానీ "ఈ ఖాతా ఫలానా చోటికి మారింది" అని ఫాలోవర్లకి కబురు పంపాల్సింది పాత సర్వరే. అదే పోతే ఎవరు పంపుతారు?

అంతకంటే నన్ను కలవరపెట్టింది ఇంకోటి. స్నేహితుడి ఖాతాలోంచి వెతికితే నేను కనిపించాను! అతని సర్వర్ దాచుకున్న నకళ్లవి. రాతలున్నాయి, ఫొటోల చోట ఖాళీ గళ్లు. ఒక పోస్టు కింద ఎవరో "నాన్నగారికి ఎలా ఉంది?" అని అడిగారు. ఆ ప్రశ్న నాకు చేరే దారే లేదు. నాన్న ఆపరేషన్ గురించి రాసుకున్న ఆ పోస్టు తీసేద్దామన్నా కుదరలేదు. తీసేయమనే కబురు కూడా పాత సర్వర్ నుంచే వెళ్లాలి.

కొత్త ఖాతా తెరిచిన మర్నాడే, ఎప్పుడో బ్లాక్ చేసిన మనిషి మళ్లీ వచ్చి తగులుకున్నాడు. బ్లాకుల జాబితా సర్వర్‌తోపాటే పోయింది మరి. ఆ జాబితా, మీరు ఫాలో అయ్యేవాళ్ల జాబితా సెట్టింగ్స్‌లోంచి సీఎస్‌వీ ఫైళ్లుగా దించుకోవచ్చు. నెలకోసారి దించుకోండి. పోస్టులు కూడా దించుకోవచ్చు గానీ, కొత్త ఖాతాలోకి ఎక్కించలేరు.

బ్లాక్ అంటే గుర్తొచ్చింది. కొందరు అడ్మిన్లు ఇద్దరు ముగ్గురి అల్లరికి అవతలి సర్వర్‌నే మొత్తం తెంచేస్తారు. మన స్నేహాలు కూడా తెగిపోతాయి. అలా తెగాయని మనకి తెలియజేసే నోటిఫికేషన్ 2024లో, 4.3 వెర్షన్‌లో గానీ రాలేదు. అన్నేళ్లు ఆలస్యం చేయడం అన్యాయం.

ఇప్పుడు నేను బ్లూస్కై అనే ఇంకో సోషల్ నెట్‌వర్క్‌లో ఉన్నాను. అక్కడ అసలు గుర్తింపు డీఐడీ అనే శాశ్వతమైన కోడ్, సర్వర్ మారినా అది మారదు. పైకి కనిపించే పేరుగా నా సొంత డొమైన్ పెట్టుకున్నాను. రికవరీ కీ (ఖాతాని మళ్లీ మన చేతికి తెచ్చే రహస్య కోడ్) ముందే చేర్చుకుని, రాతల ఫైలు దించి దగ్గర పెట్టుకుంటే, పాత సర్వర్ పోయినా ఇంకోచోట అదే మనిషిగా నిలబడొచ్చు. ఎవర్ని బ్లాక్ చేశామో అక్కడ ఎవరైనా చూడొచ్చు, అదొక్కటే నాకు అస్సలు నచ్చదు.

మాస్టొడానే కావాలంటే దాని అధికారిక జాబితాలోని సర్వర్లలోనే చేరండి. మూసేముందు కనీసం మూడు నెలలు ముందుగా చెబుతామని మాట ఇచ్చినవాటినే అందులో పెడతారు. అడ్మిన్‌కి ఏమైనా అయితే చూసుకోవడానికి ఇంకొకరి చేతిలోనూ తాళాలు ఉండాలన్నది కూడా ఆ షరతుల్లో ఉంది. మా సర్వర్‌కి ఆ రెండో మనిషి లేడు.